ఆలోచన అడగడం నేర్చుకుందాం – 4వ పాఠం: నిర్ణయం అయిపోయాక అడగకండి

పోయిన పాఠంలో ఏదో ఒక సంగతి మీద ముగ్గురిని ఆలోచన అడిగి రమ్మన్నాను. అడిగారు, సంతోషం. కానీ మీలో ఎక్కువమంది రాసింది ఒకటే: "ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు, టెన్షన్ ఇంకా పెరిగింది." అందుకే ఈ వారం అనుకున్న పాఠం, మోషేకు మామ యిత్రో ఆలోచన చెప్పిన సంగతి, ఆపాను. నిర్గమకాండము 18 మీరు చదివే ఉంటారు.

ఒక సోదరి బంధువు అప్పుకి షూరిటీ సంతకం పెట్టాలా అని అడిగింది. ఇద్దరు వద్దన్నారు. వారిలో ఒకరు సామెతలు 6వ అధ్యాయం తీసి, పూటపడడం, అంటే ఇంకొకరి అప్పుకి హామీ ఉండడం గురించి చదివి వినిపించారు కూడా. మూడో ఆయన "దేవుడున్నాడమ్మా, పెట్టు" అన్నారు. పెట్టేసింది. అమ్మా, ఆ మూడో మాట కోసమే నువ్వు ముగ్గురి దగ్గరికీ తిరిగావేమో, ఒకసారి ఆలోచించు.

1 రాజులు 12 తీయండి. సొలొమోను కొడుకు రెహబాము రాజవుతున్నాడు. తండ్రి మోపిన కాడి, అంటే బరువైన పనులు, తేలిక చేయమని షెకెములో జనం అతన్ని అడిగారు. అతను మూడు రోజులు గడువు తీసుకున్నాడు. సొలొమోను దగ్గర ఉన్న పెద్దల్ని అడిగాడు, జనం మాట వినమన్నారు. తనతో పెరిగినవాళ్ళనీ అడిగాడు, కాడి ఇంకా బరువు చేయమన్నారు. అతను అలాగే చేశాడు. పైకి చూస్తే అంతా పద్ధతిగానే ఉంది. మరి ఇశ్రాయేలులో పది గోత్రాలు అతని చేజారి ఎందుకు పోయాయి? "కుర్రాళ్ళ మాట విన్నాడు కాబట్టి" అని చెప్పేస్తుంటారు. నేను ఒప్పుకోను. 14:21 చూడండి, రాజయ్యేనాటికి అతనికి 41 ఏళ్ళు. అతనితో పెరిగినవాళ్ళు మాత్రం చిన్నపిల్లలా? 12వ అధ్యాయం 8వ వచనం మెల్లగా, వరుస చూసుకుంటూ చదవండి. ముందు పెద్దల మాట తోసేశాడు. ఆ తర్వాత స్నేహితుల్ని పిలిచాడు. వాళ్ళు నోరు తెరవకముందే పెద్దల మాట పక్కకు పోయింది. స్నేహితుల దగ్గర అతను వెతికింది తనకు నచ్చే మాట, అంతే.

1 రాజులు 22లో, ఇశ్రాయేలు రాజు అహాబు యుద్ధానికి వెళ్ళనా అని అడిగితే, దాదాపు 400 మంది ప్రవక్తలు వెళ్ళమని ఒకే మాట చెప్పారు. మిగిలిన ప్రవక్త మీకాయా ఒక్కడంటే అతనికి ద్వేషం, ఎప్పుడూ తనకు కీడే ప్రవచిస్తాడని. ఆలోచన చెప్పేవాళ్ళు "బహుమంది" ఉండాలని సామెతలు 15:22లో ఉంది కదా అని తలలు లెక్కపెట్టుకోకండి.

మన సంఘాల్లో ఈ తప్పుకి ఒక మంచి మాట తొడుగుతాం: "అయ్యగారూ, ప్రార్థన చేయండి." నేనూ అదే చేశాను. స్థలానికి అడ్వాన్సు ఇచ్చేసి, ఆ సంగతి చెప్పకుండా మా పాస్టర్‌గారిని ప్రార్థన అడిగాను. ఆయన మనసారా ప్రార్థించారు. కాగితాల్లో లిటిగేషన్ ఉందని తర్వాత తెలిసింది. ఆ కాగితాలు ఆయనకు చూపించి "ఏమంటారు?" అని అడగాల్సింది. ప్రార్థన అడగండి, తప్పకుండా అడగండి. కానీ ఆలోచన అడగడం వేరే పని, అది కూడా చేయండి.

నా పద్ధతి చెబుతాను. ప్రశ్న కాగితం మీద రాస్తాను. దాని కింద "వద్దంటే మానేయగలనా?" అని రాసుకుంటాను. జవాబు "లేదు" అయితే ఆ రోజు ఎవరి దగ్గరికీ వెళ్ళను, మోకరిస్తాను. ఫోనులో అడగను. ఆ పనిలో లాభం, నష్టం రెండూ లేని మనిషిని ముందు అడుగుతాను.

అభ్యాసం: ఇంకా డబ్బు కట్టని, మాట ఇవ్వని ఒక సంగతి తీసుకోండి. మీకు "వద్దు" అని చెప్పగలరని భయపడే విశ్వాసి ఒకరున్నారు కదా, వాళ్ళింటికే వెళ్ళండి. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ "కానీ" అనకండి. ఇంటికొచ్చి వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే రాయండి. మూడు రోజుల వరకు రెండో మనిషిని అడగొద్దు.