రోబో ఇసుకతో తనంతట పారే కాంక్రీటు ఎలా కలపాలి?

వంశధార, నాగావళి ఇసుక అందనప్పుడు గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు కట్టడాలకు మిగిలే దారి రోబో ఇసుక, అంటే రాతిని క్రషర్లో పొడిచేసి తీసిన ఇసుక. దానితో వైబ్రేటర్ అవసరం లేకుండా తనంతట పారి సర్దుకునే కాంక్రీటు కూడా చేయవచ్చు. మామూలు ఇంటి స్లాబుకు ఇది దండగ. కడ్డీలు కిక్కిరిసి వైబ్రేటర్ సూది దూరని చోట్లకే వాడండి.

ముందు ఇసుకను ఎంచుకోవాలి. కంకర ఆడించగా మిగిలిన డస్టునే ఇసుకని అంటగట్టేవారు ఉంటారు, వద్దనండి. ఏ రాతి నుంచి తీశారో అడగండి. ఈ తూర్పు కనుమల్లో ఖోండలైటు అనే రాయి ఎక్కువ. అది శిథిలమైన చోట అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లటి బంకమన్నుగా మారుతుంది. ఆ మన్ను నీటినీ, నీరు పెంచకుండా కాంక్రీటును పారేలా చేసే ఖరీదైన ప్లాస్టిసైజరు మందునూ పీల్చేస్తుంది. గట్టి గ్రానైటు, చార్నకైటు నయం. గుప్పెడు ఇసుక తడిపి నలపండి: రాతి పొడి గరగరలాడుతుంది, బంకమన్ను వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంది. అనుమానముంటే ల్యాబులో బంకమన్నును పట్టిచ్చే మిథిలీన్ బ్లూ పరీక్ష చేయించండి. క్రషర్ ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నటి పొడి 15 శాతం దాకా ఉండవచ్చని ఇసుక, కంకరల భారత ప్రమాణం ఐఎస్ 383 చెబుతుంది. అది రాతి పొడే అయితే మనకు లాభం, కంకరను మోసే పేస్టు చిక్కబడుతుంది. ఉక్కు కర్మాగారాల ఇనుప స్లాగ్ (ఇనుము తీయగా మిగిలే చిట్టెం) ఇసుక దొరికితే, కడ్డీలున్న కాంక్రీటులో అది మొత్తం ఇసుకలో 25 శాతం మించకూడదు.

తొలి ప్రయత్నానికి ఘనమీటరుకు సిమెంటు 360 కిలోలు, ఫ్లైయాష్ (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద) 120, నీరు 180, ఇసుక 880, 12 మి.మీ. కంకర 800, పాలీకార్బాక్సిలేట్ ప్లాస్టిసైజరు 4 నుంచి 5 కిలోలు తీసుకోండి. రోబో రేణువులకు అంచులు పదును, ఒరిపిడి ఎక్కువ. అందుకే నది ఇసుక కొంతైనా దొరికితే సగం సగం కలపండి. ఈ కాంక్రీటుతో పోసిన పరీక్ష దిమ్మెల (క్యూబుల) బలం చూసి ఇంజినీరు ఒప్పుకున్నాకే పనిలో వాడాలి.

కిలో ఇసుకను బాణలిలో వేయించి మళ్లీ తూస్తే తేమ తెలుస్తుంది. ఆ తేమను పోసే నీటిలోంచి తగ్గించాలి. 1 శాతం పొరబడితే ఘనమీటరుకు దాదాపు 9 లీటర్ల నీరు తేడా వస్తుంది. మామూలు కాంక్రీటు దాన్ని ఓర్చుకుంటుందేమో గానీ ఇది ఓర్చుకోదు.

మిక్సర్‌లో కంకర, ఇసుక, పొడులు (సిమెంటు, ఫ్లైయాష్), నీటిలో నాలుగింట మూడు వంతులు వేసి తిప్పాక, మిగిలిన నీటిలో ప్లాస్టిసైజరు కలిపి పోసి మరో మూడు నిమిషాలు తిప్పండి.

పారుదల చూడటానికి, తడిపిన పలకపై స్లంప్ కోన్ (రెండు వైపులా తెరిచిన గరాటులాంటి లోహపు అచ్చు) నింపండి, కుక్కవద్దు. ఎత్తగానే 660 నుంచి 750 మి.మీ. వెడల్పుకు పరుచుకోవాలి. అంచున నీటి వలయం కనిపించినా, మధ్యలో కంకర కుప్పగా మిగిలినా మిశ్రమం విడిపోతున్నట్టే: నీరు తగ్గించండి, లేదా ఫ్లైయాష్ పెంచండి. సరిగా పారకపోతే ప్లాస్టిసైజరు కొద్దికొద్దిగా పెంచండి. నీళ్లు పోద్దామని మేస్త్రి చేయి బకెట్టు మీదికి పోతుంది, ఆపాల్సింది అక్కడే.

సెంట్రింగ్‌పై ఈ కాంక్రీటు ద్రవంలా ఒత్తుతుంది. సందులు మూసి, ఊతాలు పెంచండి. పైకి నీరు పెద్దగా తేలదు, పైపొర త్వరగా ఎండుతుంది కాబట్టి పోసిన వెంటనే పట్టా కప్పి, గట్టిపడ్డాక కనీసం 10 రోజులు తడిగా ఉంచండి.