రేడియేషన్ అయిన నోటికి కట్టుడు పళ్ళు పెట్టేటప్పుడు

"కరెంటు పెట్టారు" (అంటే రేడియేషన్ ఇచ్చారు) అని పేషెంటు చెప్పే మాటతో సరిపెట్టుకోకండి. కింది దవడలో ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత) పడ్డాయో ఆంకాలజిస్టు రాసిన కాగితం తెప్పించుకోండి. 60 గ్రేలు దాటిన చోట ఎముక చచ్చుబడే ముప్పు బాగా పెరుగుతుంది, ఏళ్ళు గడిచినా అది పోదు.

నోటి పూత పూర్తిగా మానాలి. కొత్త సెట్టుకు ఆరు నెలల నుంచి ఏడాది ఆగడం మేలు. నోరు 35 మిల్లీమీటర్లకన్నా తక్కువ తెరుచుకుంటుంటే ముందు దవడ వ్యాయామాలు మొదలుపెట్టించండి. దవడ అచ్చు తీసే మామూలు ట్రే నోట్లో పట్టకపోతే రెండు ముక్కల ట్రే చేయించాలి.

కొలత తీసేముందు పెదాలకు వాజలిన్ రాసి, నీళ్ళతో పుక్కిలింపించండి. ఎండిన నోట్లో జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టు మండుతుంది, పొరకు అంటుకుపోతుంది. పలచగా పారే లైట్ బాడీ సిలికాన్ వాడండి, ట్రేని గట్టిగా నొక్కకండి. పళ్ళు గుబ్బలు లేని చదును రకం ఎంచుకుంటే నమిలేటప్పుడు సెట్టు పక్కలకు జరగడం తగ్గుతుంది.

అసలు ప్రమాదమంతా కింది సెట్టు లోపలి అంచులో, నాలుక వైపు ఉంటుంది. అక్కడ మైలోహయాయిడ్ గట్టు (దవడ లోపలి వైపు ఉండే ఎముక గట్టు) మీద చర్మం కాగితమంత పలచన. ఎముక బయటపడేది ఎక్కువగా అక్కడే. అందుకే పట్టు కాస్త తగ్గినా సరే, ఆ అంచును పొట్టిగానే ఉంచాలి. సెట్టు ఇచ్చేరోజు లోపలి వైపు ప్రెషర్ పేస్టును (ఎక్కడ ఒత్తుతోందో చూపే పేస్టు) బ్రష్షు గీతలు కనబడేలా పూసి నోట్లో పెట్టి తీయండి. గీతలు చెరిగి గులాబీ యాక్రిలిక్ తేలిన చోట బర్రుతో కొద్దిగా అరగదీసి, మళ్ళీ పేస్టు పూసి చూడండి. చివర్లో అంచు వెంట దూది తిప్పండి. పోగు చిక్కుకుందంటే అక్కడ ఇంకా గరుకుంది, పాలిష్ చేయాలి.

సెట్టు లోపలి వైపు మెత్తటి లైనరు (పొర) వేస్తే సుఖమనిపిస్తుంది గానీ, పొడి నోట్లో దానికి ఫంగస్ త్వరగా పడుతుంది.

సెట్టు ఇచ్చిన మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత తప్పకుండా చూడండి. "నొప్పి లేదు డాక్టరుగారూ" అన్నా సెట్టు తీయించి, లైటు వేసి, నాలుక పక్కకు తప్పించి చూడాల్సిందే. ఉమ్మి లేనివాళ్ళు సెట్టు పెట్టుకునేముందు దాన్ని తడపాలి, గుక్కగుక్కగా నీళ్ళు తాగుతుండాలి, రాత్రి తీసేయాలి. సెట్టు కింద అంగిలి ఎర్రబారితే ఫంగస్ మందు నోటికిచ్చి ఊరుకోకుండా, సెట్టును కూడా 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో నానబెట్టించండి. ఫంగస్ మందైన నిస్టాటిన్ ద్రవాల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. సొంత పళ్ళు మిగిలి ఉంటే అవి పుచ్చిపోవచ్చు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

పుండు కనబడిందా, ఆ క్షణం నుంచే సెట్టు ఆపించండి. రెండు వారాల్లో మానకపోతే సెట్టునే అరగదీస్తూ కూర్చోకుండా ఆంకాలజిస్టు దగ్గరకు పంపండి, క్యాన్సర్ తిరగబెట్టి ఉండొచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళకు అంగిలి మీదే క్యాన్సర్ వస్తుంటుంది, పై సెట్టు దాన్ని కప్పేస్తుంది. ఎముక తెల్లగా తేలితే గీకకండి, పక్క పన్ను పీకకండి. అదేరోజు ఓరల్ సర్జన్‌కు చూపించండి.