నీల్ యంగ్ పాటల్లో ఏది గొప్పదో తేల్చడానికి కూర్చునే ముందు

ఒకసారి ఇద్దరు మిత్రులు రాక్ గాయకుడు, పాటల రచయిత నీల్ యంగ్ పాట ‘పౌడర్‌ఫింగర్’ గురించి నా ఎదుట అరగంటకు పైగా వాదించుకున్నారు. అది ఎలక్ట్రిక్ గిటార్ల హోరులో వినవలసిన పాట అని ఒకరు, కాదు, ఇరవై రెండేళ్లకే ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడు తన కథను తానే మెల్లగా చెప్పుకునే పాట అని మరొకరు పట్టుబట్టారు. తీరా చూస్తే మొదటి ఆయన మాట్లాడుతున్నది 1979లో ‘రస్ట్ నెవర్ స్లీప్స్’ ఆల్బమ్‌లో క్రేజీ హార్స్ బృందం వాయించిన రికార్డింగు గురించి. రెండవ ఆయన మాట్లాడుతున్నది 1976 ఆగస్టులో యంగ్ ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని అకూస్టిక్ గిటార్‌తో పాడగా, నలభై ఏళ్లు దాటిన తరువాత 2017లో ‘హిచ్‌హైకర్’ ఆల్బమ్‌లో వెలువడిన రికార్డింగు గురించి. ఇద్దరూ తమ తమ పాటల గురించి నిజమే చెబుతున్నారు, కాని ఇద్దరి చెవుల్లో ఉన్నది ఒకే పాట కాదు.

అందువల్ల నీల్ యంగ్ పాటల మీద వాదానికి దిగే అభిమానులు అన్నిటికంటే ముందు ఒప్పుకోవలసిన నియమం ఇది: పాట పేరు ఒక్కటే చెబితే చాలదు, ఏ రికార్డింగో, ఏ సంవత్సరానిదో కూడా చెప్పాలి. ఒకే పాటను ఒంటరిగా, బృందంతో, పియానో మీద, గిటార్ మీద, నెమ్మదిగా, వేగంగా అరవై ఏళ్లుగా మార్చి మార్చి పాడుతున్న కళాకారుడి విషయంలో ఈ జాగ్రత్త లేకపోతే వాదం గాలిలో కత్తి తిప్పినట్టే అవుతుంది. ఆ ‘రస్ట్ నెవర్ స్లీప్స్’ ఆల్బమే దీనికి మంచి ఉదాహరణ. అది మొదలయ్యేదీ, ముగిసేదీ ఒకే పాటతో. మొదట ‘మై మై, హే హే’ అని అకూస్టిక్ గిటార్‌తో, చివర ‘హే హే, మై మై’ అని చెవులు గింగురుమనే ఎలక్ట్రిక్ మోతతో. మాటలు కూడా అక్కడక్కడ మారతాయి. ఇవి రెండు పాటలా, ఒకే పాటకు రెండు ముఖాలా అన్నది వాదం మొదలుకాక ముందే తేల్చుకోవాలి. ఒకదాన్ని తీసేస్తే రెండవదాని బలం సగం తగ్గుతుంది కాబట్టి వాటిని ఒకటిగానే లెక్కించాలని నా అభిప్రాయం. 1989 నాటి ‘ఫ్రీడమ్’ ఆల్బమ్‌కు అటూ ఇటూ నిలిచిన ‘రాకిన్ ఇన్ ద ఫ్రీ వరల్డ్’ జంటకూ ఇదే లెక్క.

తరువాత తేల్చుకోవలసింది పరిధి. 1945లో టొరంటోలో పుట్టిన యంగ్ 1966లో లాస్ ఏంజెలెస్‌లో బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ బృందంలో చేరి పేరు తెచ్చుకున్నాడు. 1968 నుంచి సొంత పేరుతో ఆల్బమ్‌లు వెలువరించాడు. క్రాస్బీ, స్టిల్స్, నాష్‌లతో కలిసి, ఆ ముగ్గురు గాయకుల బృందంలో నాలుగో సభ్యుడిగా పాడాడు. సొంత పేరు మీద వచ్చినవే లెక్కలోకి వస్తాయని కొందరు గిరి గీస్తారు. ఆ గిరి నాకు సమ్మతం కాదు. బఫలో స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో 1967లో వచ్చిన ‘ఎక్స్‌పెక్టింగ్ టు ఫ్లై’లో ఆ బృందం నుంచి పాల్గొన్నది యంగ్ ఒక్కడే, వాద్యబృందాన్ని కూర్చినది జాక్ నీచీ. అట్టమీది పేరు చూసి అలాంటి పాటను బయట నిలబెట్టడం న్యాయం కాదు. రాసినదీ, ముందు నిలబడి పాడినదీ యంగ్ అయితే ఆ పాట వాదంలోకి రావాలి. ఇతరులు రాయగా అతడు పాడినవి పక్కన ఉంచాలి. ఈ కొలత పెట్టుకుంటే ఆ నలుగురి బృందం పేరుతో వచ్చిన ‘హెల్ప్‌లెస్’, ‘ఒహాయో’ రెండూ లోపలికి వస్తాయి.

‘ఒహాయో’ ప్రస్తావన వస్తే మరొక చిక్కు ఎదురవుతుంది. 1970 మే 4న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వియత్నాం యుద్ధ వ్యతిరేక నిరసన సమయంలో నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపారు. ఆ నెల 21వ తేదీకల్లా పాట రికార్డయింది, జూన్‌లో విడుదలయింది. చారిత్రక ప్రాముఖ్యం వేరు, పాటగా గొప్పదనం వేరు అని గట్టిగా అనేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. వారికి జవాబు చెప్పదలచుకున్నవారు చరిత్రను వల్లించకూడదు, పాటనే వినిపించాలి. ఆ తొందర, ఆ కోపం రికార్డింగులోనే ఉన్నాయి: కవాతు అడుగుల్లా మొదలయ్యే గిటార్ వరస, అలంకారమే లేని చిన్న చిన్న పంక్తులు, ముగింపులో డేవిడ్ క్రాస్బీ గుండె చించుకుని వేసే కేకలు. సంఘటన తెలియనివారికి కూడా ఏదో ఘోరం జరిగిందని చెవికి అందుతుంది. సందర్భం పాటలో వినబడుతున్నంత వరకే వాదంలో దానికి చోటు ఇవ్వాలి.

కళాకారుడి జీవితాన్ని సాక్ష్యంగా తెచ్చేటప్పుడు కూడా ఈ కొలతనే వాడాలి. క్రేజీ హార్స్ గిటారిస్టు డానీ విట్టెన్ 1972 నవంబరులోను, వాద్య పరికరాలు చూసుకునే బ్రూస్ బెర్రీ 1973లోను మాదకద్రవ్యాల వల్ల చనిపోయారు. ఆ దుఃఖంలో 1973లో రికార్డు చేసిన ‘టునైట్స్ ద నైట్’ 1975లో గాని వెలుగు చూడలేదు. ఈ సంగతి చెప్పి ఊరుకుంటే అది జాలి అవుతుంది, వాదం కాదు. ఆ ఆల్బమ్‌లో గొంతు శ్రుతి తప్పి పగిలే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపి, వాటిని సరిచేసి మళ్లీ పాడకుండా అలాగే వదిలేయడం పాటకు ఏమి చేసిందో చెప్పగలగాలి. శ్రుతి తప్పడం లోపమేనని ఎదుటివారు అంటే, ఆ మాటను తేలికగా కొట్టేయకూడదు. కొన్ని పాటల్లో అది నిజంగా లోపమే. ఎక్కడ లోపమో, ఎక్కడ ప్రాణమో పంక్తి పంక్తికీ విడదీసి చెప్పినవారి మాటకే విలువ ఉంటుంది.

ఇక్కడ ‘ట్రాన్స్’ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1980ల ఆరంభంలో వచ్చిన ఈ ఆల్బమ్‌లో యంగ్ గొంతును వోకోడర్ అనే యంత్రం చాలా పాటల్లో గుర్తుపట్టలేనంతగా మార్చేసింది. అభిమానులు విస్తుపోయారు; కొంతకాలానికి రికార్డు సంస్థ జెఫెన్, అతడు తనకు సహజం కాని సంగీతం ఇస్తున్నాడని అతని మీదే దావా వేసింది. సెరిబ్రల్ పాల్సీతో పుట్టి మాట్లాడలేని కొడుకుతో సంభాషించాలనే తపన ఆ యంత్రపు గొంతు వెనుక ఉందని యంగ్ తరువాత వివరించాడు. ఈ విషయం తెలిశాక ‘ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్’ వేరుగా వినబడుతుంది. అయినా జీవిత కథతో ఓట్లు అడగనక్కరలేదు. 1993 నాటి ‘అన్‌ప్లగ్డ్’ రికార్డింగులో అదే పాటను అతడు తన మామూలు గొంతుతో పాడాడు. ‘ట్రాన్స్’ పేరెత్తితేనే ముఖం తిప్పుకునేవారికి ముందు దాన్ని వినిపించి, ఆ వెంటనే యంత్రపు గొంతుతో ఉన్నది వినిపించండి. మాటలకు లొంగనివారు కొందరు ఈ వరసకు లొంగడం నేను చూశాను.

అన్నిటికంటే వాడిగా వాదం జరిగేది ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ దగ్గర. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో యంగ్‌కు మొదటి స్థానం తెచ్చిన ఒకే ఒక్క పాట ఇది. 1972లో ‘హార్వెస్ట్’ ఆల్బమ్‌తో పాటు ఊరూరా మోగింది. ఇది తనను నడిరోడ్డు మీదికి చేర్చిందనీ, ఆ ప్రయాణం త్వరలోనే విసుగెత్తి రోడ్డు పక్క గోతివైపు మళ్లాననీ యంగ్ స్వయంగా 1977 నాటి ‘డికేడ్’ సంకలనంలో రాశాడు. ‘టైమ్ ఫేడ్స్ అవే’, ‘ఆన్ ద బీచ్’, ‘టునైట్స్ ద నైట్’ అనే మూడు ఆల్బమ్‌లను అభిమానులు ‘గోతి త్రయం’ అని పిలుచుకోవడానికి ఆ వాక్యమే మూలం. ఆ మాటను అడ్డం పెట్టుకుని, ఎక్కువమందికి నచ్చిన పాట గనుక తక్కువదని తీర్పు ఇచ్చేవాళ్లు తయారవుతారు. ఇది నాకు బాధ కలిగించే అలవాటు. పాడినవాడికి విసుగు పుట్టిందంటే పాటలో సరుకు లేదని అర్థం కాదు. ఇలాంటి చోట 1971 జనవరిలో టొరంటోలోని మాసీ హాల్‌లో జరిగిన కచేరీ రికార్డింగును ముందుకు తీసుకురావాలి. 2007లో విడుదలైన అందులో యంగ్ పియానో దగ్గర కూర్చుని ‘ఎ మ్యాన్ నీడ్స్ ఎ మెయిడ్’ పాడుతూ పాడుతూనే దాని మధ్యలోంచి ‘హార్ట్ ఆఫ్ గోల్డ్’ లోకి జారుకుంటాడు. అప్పటికి ఆ పాట ఎవరికీ తెలియదు, శ్రోతలు గుర్తుపట్టి చప్పట్లు కొట్టే ప్రశ్నే లేదు. కీర్తి అంటుకోక ముందటి ఆ పాటను విని, తరువాత నాష్‌విల్‌లో లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్ గొంతు కలిపిన రికార్డింగును వింటే, తూచవలసింది పాటనా, దాని ప్రసిద్ధినా అన్న సంగతి తేటపడుతుంది.

గిటార్ గురించి వాదించేటప్పుడు స్వరాలు లెక్కపెట్టడం మానాలి. ‘సిన్నమన్ గర్ల్’ సోలోలో, అంటే గిటార్ ఒక్కటే ముందుకు వచ్చి పలికే భాగంలో, యంగ్ దాదాపుగా ఒకే స్వరాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ మీటుతాడు, అయినా ఆ సోలో తెలియని అభిమాని ఉండడు. వేగం, నైపుణ్యం అనే కొలబద్దలు ఇక్కడ పనికిరావు. ఆ స్వరం కింద మిగతా బృందం ఏమి మారుస్తున్నదో వినాలి. ఆ పాట ఉన్న 1969 ఆల్బమ్‌లోనే తొమ్మిది నిమిషాలు దాటే ‘డౌన్ బై ద రివర్’లో యంగ్ సోలో కన్నా ముందు విట్టెన్ తాళానికి తోడుగా వాయించే రిథమ్ గిటార్‌ను వెంబడించండి, సోలో దానికి బదులు చెబుతూ ఎలా నడుస్తుందో అప్పుడు తెలుస్తుంది.

అన్ని రకాల వాదాలూ ఒక్కచోట ఎదురయ్యే పాట 1975 నాటి ‘కార్టెజ్ ద కిల్లర్’. చర్చను ఒక్క పాటకే పరిమితం చేయవలసి వస్తే నేను దీన్నే ఎంచుతాను. ఏడు నిమిషాలు మించిన ఈ పాటలో మూడు నిమిషాలు గడిచాక గాని గొంతు వినబడదు. మొదట ఆ నిరీక్షణ అవసరమా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఆ మూడు నిమిషాలు వదిలేసి గొంతు మొదలైన చోటు నుంచి ఒకసారి విని చూస్తే జవాబు దొరుకుతుంది. తరువాత సాహిత్యం. 1519లో మెక్సికో తీరానికి వచ్చిన స్పానిష్ ఆక్రమణదారు కార్టెజ్ కథ ఇది. అతడు రాక ముందు అక్కడ రాజ్యమేలిన ఆజ్టెక్కుల లోకంలో ద్వేషం కట్టుకథ అనీ, యుద్ధం ఎవరూ ఎరుగరనీ పాట చెబుతుంది. చరిత్ర అది కాదు. ఆజ్టెక్కులు యుద్ధాలతోనే సామ్రాజ్యం కట్టినవారు. ఈ తప్పు పాటను దెబ్బ తీస్తుందా? తీస్తుందని వాదించేవారి పక్షాన బలం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. కాని చివరి చరణంలో ‘అతడు’ అని సాగుతున్న కథ ఒక్కసారిగా ‘నేను’ అని మారి, ఎక్కడో ఇప్పటికీ తనను ప్రేమిస్తున్న ఒక స్త్రీని తలుచుకుంటుంది. అక్కడి నుంచి వెనక్కి చూస్తే ఆ మచ్చలేని లోకం చరిత్రకారుడు చూపినది కాదు, పోగొట్టుకున్నవాడు ఊహించుకున్నది అనిపిస్తుంది. నా మొగ్గు ఈ పఠనం వైపే. 1991 నాటి ‘వెల్డ్’ కచేరీ రికార్డింగులో ఇదే పాట మరింత బరువుగా, గరుకుగా ఉంటుంది. ఏది మేలో చెప్పేటప్పుడు ఆ చివరి చరణం రెండిటిలో ఎలా పలికిందో పోల్చి చెప్పండి.

ఎదుటివారు ఏ కాలంలో వినడం మొదలుపెట్టారో అడగడం కూడా మంచిది. ‘ఆన్ ద బీచ్’ 2003 దాకా, ‘టైమ్ ఫేడ్స్ అవే’ 2017 దాకా సీడీగా రాలేదు. 1970లలో సిద్ధమైన ‘హోమ్‌గ్రోన్’ 2020లో గాని విడుదల కాలేదు. ఒకరు చిన్ననాటి నుంచి ఎరిగిన పాటను మరొకరు నిన్న మొన్న విని ఉండవచ్చు. కొత్తగా విన్న ఉత్సాహాన్నీ, చిరకాలపు అనుబంధాన్నీ ఎవరికి వారు పేరు పెట్టి చెప్పుకుంటే తగవు సగం చల్లబడుతుంది.

కూర్చునే పద్ధతి విషయానికి వస్తే, ఒక్కొక్కరు ఐదు రికార్డింగులకు మించి తేకూడదు, వాటిలో ఒకటైనా 1990 తరువాతిది కావాలి. ఈ నియమం లేకపోతే అందరూ 1979 దగ్గరే ఆగిపోయి, చీపురుతో నేల ఊడ్చే చప్పుడే తాళంగా సాగే 1992 నాటి ‘హార్వెస్ట్ మూన్’ లాంటి పాట ఎవరికీ గుర్తు రాదు. పాట మోగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, పద్దెనిమిది నిమిషాల పాటైనా సరే. పాట తెచ్చినవారు దాని మీద రాగల గట్టి అభ్యంతరాన్ని ముందు తామే చెప్పి, తరువాత సమర్థించాలి.

నేను తెచ్చేది ‘ఆన్ ద బీచ్’ చివర ఉన్న ‘యాంబులెన్స్ బ్లూస్’, 1974 నాటి రికార్డింగు. తొమ్మిది నిమిషాలకు దగ్గరగా సాగే ఆ పాటలో అకూస్టిక్ గిటార్, మౌతార్గాన్, రస్టీ కెర్షా ఫిడేలు తప్ప పెద్ద హంగు లేదు. పాత టొరంటో రోజుల నుంచి విమర్శకుల మీద విసుగు దాకా, అక్కడి నుంచి అబద్ధాలాడే ఒక పెద్దమనిషి దాకా ఆలోచన ఎటు పోతే పాట అటు పోతుంది, బాణీ మాత్రం చెక్కుచెదరదు. నియమం ప్రకారం అభ్యంతరం కూడా నేనే చెప్పాలి: ఆ బాణీ బ్రిటిష్ జానపద గాయకుడు బెర్ట్ జాన్ష్ 1965లో పాడిన ‘నీడిల్ ఆఫ్ డెత్’కు చాలా దగ్గర. తెలియకుండానే అది తనలోకి వచ్చిందని యంగ్ ఒప్పుకున్నాడు, 2014లో ‘ఎ లెటర్ హోమ్’ ఆల్బమ్‌లో ఆ పాటనే పాడాడు కూడా. అప్పు చేసిన బాణీ మీద అంత గొప్ప పాట నిలబడగలదా అన్న ప్రశ్నకు నా జవాబు అవుననే. కాదనేవారు ముందు జాన్ష్ పాటను, వెంటనే దీన్ని వినిపించి, ఏ పంక్తి దగ్గర ఈ పాట తన దారి తాను పట్టలేదో నాకు చూపించాలి.