తెరల కాలంలో తోటి న్యాయవాదులతో మెలగడం ఎలా?

కోర్టు వరండాలోనో బార్ రూములోనో రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయే విషయాలు ఇప్పుడు ఈ-మెయిళ్లకు, వాట్సాప్ సందేశాలకు, వీడియో విచారణలకు మారిపోయాయి. దీనివల్ల సమయం కలిసివచ్చినా, ఎదుటి పక్షం న్యాయవాదితో ముఖపరిచయం ఏర్పడే అవకాశం సన్నగిల్లింది. ముఖం తెలియని వ్యక్తి రాసిన మామూలు వాక్యం కూడా చదివేవారికి కటువుగా తోస్తుంది. ఒకప్పుడు దానంతట అదే కలిసే పరిచయాన్ని ఇప్పుడు మనమే పూనుకుని కలుపుకోవాలి.

వకాలత్ (క్లయింటు తరఫున వాదించే అధికారపత్రం) దాఖలు చేసిన కొద్ది రోజుల్లోనే ఎదుటి పక్షం న్యాయవాదికి ఒకసారి ఫోన్ చేయండి. ఆ సంభాషణలో కేసు బాగోగుల జోలికి పోనక్కరలేదు. పత్రాలు ఏ చిరునామాకు పంపాలి, జూనియర్లలో ఎవరికి ప్రతి పంపాలి, వాట్సాప్‌లో పంపినదాన్ని అందినట్టు లెక్కించవచ్చా, అత్యవసరమైతే ఏ వేళల్లో ఫోన్ చేయవచ్చు అన్నవి తేల్చుకుంటే చాలు. తరువాత తలెత్తే తగాదాల్లో చాలా భాగం ఈ చిన్న విషయాల దగ్గరే మొదలవుతాయి.

రాసే ప్రతి ఉత్తరం ఏదో ఒక రోజు అఫిడవిట్‌కు జతపడి న్యాయమూర్తి ముందుకు రావచ్చునన్న ఎరుకతో రాయాలి. "మీరు ఉద్దేశపూర్వకంగా ఆ పత్రాన్ని దాచిపెట్టారు" అనే బదులు "ఆ పత్రం మాకు ఇంకా అందలేదు, ఫలానా తేదీలోగా పంపగలరా" అని రాస్తే, మన పక్షానికి నష్టమేమీ లేకపోగా, అవసరమైతే కోర్టుకు చూపడానికి అదే బలమైన ఆధారమవుతుంది. కోపంలో రాసిన జవాబును, గ్రహీత చిరునామా నింపకుండా పక్కనపెట్టి, మరునాడు ఉదయం మళ్లీ చదవండి. ఒకే విషయంపై మూడో మెయిల్ రాయవలసి వచ్చిందంటే రాయడం ఆపి ఫోన్ చేయడమే మేలు. ఫోన్‌లో కుదిరిన అంగీకారాన్ని అదే రోజు రెండు మూడు వాక్యాల్లో నమోదు చేసి, పొరపాటుంటే సరిదిద్దమని కోరుతూ పంపాలి. అయితే రాతలో లేదన్న సాకుతో మాట తప్పకూడదు. ఎదుటి పక్షానికి ఇచ్చిన న్యాయమైన హామీలను, అవి రాతపూర్వకంగా లేకపోయినా, నెరవేర్చడానికి శాయశక్తులా కృషి చేయాలని భారత బార్ కౌన్సిల్ నియమావళిలోని 35వ నియమం చెబుతోంది.

ఎదుటి న్యాయవాదికి పంపే మెయిల్‌లో మన క్లయింటును కూడా ప్రతి అందుకునేవారిగా (సీసీలో) చేర్చడం చూడటానికి చిన్న విషయమే గాని, పెద్ద చిక్కు తెస్తుంది. న్యాయవాది ఉన్న పక్షంతో, ఆ న్యాయవాది ద్వారా తప్ప, వివాద విషయం మాట్లాడకూడదని 34వ నియమం చెబుతుండగా, అందరికీ కలిపి జవాబిచ్చే ఒక్క మీటతో ఆ హద్దు చెరిగిపోతుంది. అలా క్లయింటును చేర్చిన న్యాయవాది, అందరికీ వచ్చే జవాబుకు పరోక్షంగా సమ్మతించినట్టేనని అమెరికన్ బార్ అసోసియేషన్ 2022లో ఇచ్చిన 503వ అభిప్రాయంలో పేర్కొంది. క్లయింటుకు విడిగా పంపడమే క్షేమం. మనకు ఉద్దేశించని మెయిల్ పొరపాటున వస్తే, ఆ సంగతి గుర్తించిన క్షణంలోనే చదవడం ఆపి, పంపినవారికి వెంటనే తెలియజేయాలి. ఆ తరువాత ఏం చేయాలన్నది మీ ప్రాంతపు నియమాలను బట్టి ఉంటుంది.

వీడియో విచారణలో ఎదుటి న్యాయవాది కనెక్షన్ తెగిపోయినప్పుడు మన నడవడి నిజంగా పరీక్షకు నిలుస్తుంది. ఆ అదను చూసుకుని ఏకపక్ష ఉత్తర్వు కోరడం కంటే, "వారి లైన్ తెగిపోయింది, కాసేపు ఆగవలసిందిగా కోరుతున్నాను" అని కోర్టుకు మనమే విన్నవించాలి. ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఎదుటివారు మాట ముగించాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టాలి. ప్రత్యక్ష ప్రసారంలో తోటి న్యాయవాది తడబడిన ముక్కను కత్తిరించి బార్ గ్రూపుల్లో పంచుకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. సందర్భం కోల్పోయిన ఆ అరనిమిషం ఒకరి వృత్తిజీవితాన్ని ఏళ్ల తరబడి వెంటాడగలదు. అటువంటిది మీకు చేరితే అక్కడితోనే ఆపండి, పంచినవారికి విడిగా నచ్చజెప్పండి. వ్యక్తిగత సంభాషణల స్క్రీన్‌షాట్ల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలి.

ఇవన్నీ క్లయింటుకు మెతకదనంగా కనిపించవచ్చు. కాబట్టి కేసు చేపట్టే రోజునే, వాయిదా వంటి సాధారణ మర్యాదల విషయంలో, అతని హక్కులకు భంగం లేనంతవరకు, నిర్ణయం న్యాయవాదిగా మీదేనని స్పష్టంగా చెప్పి, ఒప్పందపత్రంలో రాసుకోండి. జూనియర్ల విషయంలోనైతే నోటితో చెబితే సరిపోదు. తెరల మీదే వృత్తిలో అడుగుపెట్టిన వారికి సీనియర్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో వినే అవకాశమే తక్కువ. ఎదుటి న్యాయవాదికి ముందే చెప్పి, ఆ ఫోన్ సంభాషణల్లో వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. తరువాతి మెయిల్ ముసాయిదా వారిచేత రాయించి, ఏ వాక్యాన్ని ఎందుకు మార్చారో దగ్గరుండి వివరించండి.