ఒక్క నిమిషంలో ఎన్ని మాటలు? చదవడంలో తడబడే పిల్లల్ని ఇంట్లో గమనించడం ఎలా

"జంతువుల పేర్లు చెప్పు. గుర్తొచ్చినన్ని, గబగబా. టైమ్ ఒక్క నిమిషం."

చదవడంలో ఇబ్బంది పడే పిల్లల్ని పరీక్షించేటప్పుడు నిపుణులు తరచూ అడిగే ప్రశ్న ఇది. చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ, ఆ నిమిషంలో మెదడుకి చేతినిండా పనే. మాటలు వెతకాలి, చెప్పినవి మళ్ళీ చెప్పకుండా చూసుకోవాలి, పక్కదారి పట్టకూడదు. దీన్ని మాటల ధారాళత పరీక్ష అంటారు. 1938లో థర్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన పరీక్షల్లో ఇలాంటిది ఒకటి చేర్చాడు. అప్పట్లో మాటలు కాగితం మీద రాయించేవారు. ఇప్పుడు నోటితోనే చెప్పిస్తున్నారు.

ఇంట్లో మనమూ చేసి చూడొచ్చు. కాకపోతే చాలామంది చివరికి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టి ఊరుకుంటారు. నన్నడిగితే ఆ లెక్క కన్నా మాటల మధ్య వచ్చే ఖాళీలే ఎక్కువ సంగతులు చెబుతాయి.

1. ఫోన్‌లో రికార్డ్ చేయండి

కాగితం మీద రాసుకుందాం అనుకోకండి. మొదటిసారి నేనూ అలాగే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదటి పది సెకన్లలో మాటలు జలజలా రాలిపోయాయి, సగం రాయనే లేదు. పైగా మనం రాస్తుంటే "తప్పు చెప్పానా?" అని పిల్లలు మన మొహంలోకి చూస్తారు. టీవీ కట్టేసి, గదిలో ఇద్దరే ఉంటే చాలు. టైమర్ పిల్లలకి కనబడకూడదు, లేనిపోని టెన్షన్.

2. ముందు జంతువులు

జంతువులే ఎందుకంటే, ఏ పిల్లలకైనా కొన్ని తెలిసే ఉంటాయి. మధ్యలో ఆగిపోతే వెంటనే అందించకండి. పదిహేను సెకన్లు మౌనంగా ఉంటే "ఇంకా ఉన్నాయా?" అని ఒక్కమాట అంటే సరిపోతుంది. ఇంట్లో రెండు భాషలు వాడుతుంటే ఏ భాషలో చెప్పినా ఒప్పుకోండి. అలాంటి పిల్లల మాటల మూట రెండు భాషల్లో పంచుకుని ఉంటుంది, ఒక్క భాషలోనే లెక్కపెడితే అన్యాయం.

3. తర్వాత అక్షరం

ఇక్కడ కాస్త జాగ్రత్త. ఇంగ్లిష్‌లో ఎక్కువగా ఎఫ్, ఎ, ఎస్ అక్షరాలతో చేయిస్తారు. తెలుగులో "క‌తో మొదలయ్యే మాటలు చెప్పు" అనగానే, కాస్త ఆలోచించే పిల్లలెవరైనా "కుక్క చెప్పొచ్చా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుణింతం మొత్తం ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం: కల, కాలు, కిటికీ, కుండ, కోతి అన్నీ లెక్కలోకే. మనం చూడాల్సింది మాట మొదట్లో ఉన్న శబ్దాన్ని పట్టుకోగలగడం, గుణింతం గుర్తుండటం కాదు. అందుకే అక్షరం రాసి చూపించకండి, పలికి వినిపించండి.

ఇంకో రెండు షరతులు ముందే చెప్పాలి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు వద్దు. కడిగాడు, కడిగింది, కడుగుతాను లాంటివన్నీ కలిపి ఒకటే. ఈ షరతు లేకపోతే తెలుగులో ఒక్క క్రియతోనే నిమిషం గడిపేయొచ్చు!

4. రికార్డింగ్ నిదానంగా వినండి

అసలు పని ఇదే. ఒక పాప ఇలా చెప్పిందనుకుందాం:

"కుక్క, పిల్లి, ఆవు, గేదె, మేక... (మౌనం) ...సింహం, పులి, చిరుత, నక్క... ఊఁ... మొసలి, తాబేలు, చేప... పిల్లి."

రెండోసారి వచ్చిన పిల్లిని వదిలేస్తే పన్నెండు. ఎలా వచ్చాయో చూడండి. ఇంటి చుట్టూ తిరిగేవి ఐదు, అడవివి నాలుగు, నీళ్ళవి మూడు. మాటలు గుంపులుగా వస్తాయి, ఒక గుంపు అయిపోయాక ఇంకో గుంపులోకి దూకాలి. 1997లో ట్రోయర్, మాస్కోవిచ్, వినోకర్ అనే పరిశోధకులు ఈ రెంటినీ విడివిడిగా కొలిచే పద్ధతి చెప్పారు. గుంపులో మాటలు కూడబెట్టడానికి కణతల లోపలున్న మెదడు భాగంతోనూ, దూకడానికి ముందు భాగంతోనూ ఎక్కువ సంబంధం ఉందని వాళ్ళ వాదన.

మొదటి పదిహేను సెకన్లలో ఎక్కువ మాటలు వచ్చి తర్వాత తగ్గిపోవడం అందరిలోనూ ఉండేదే. కానీ ఆ పాప "మేక" దగ్గరే ఆగిపోయి "ఇంకేం లేవు" అందనుకోండి. నిమిషం అయ్యాక "అడవిలో ఉండేవి?" అని అడిగి చూడండి. సింహం, పులి, ఏనుగు టకటకా వచ్చేస్తే మాటలు తెలియక కాదన్నమాట, ఆ గుంపు తలుపు దానంతటది తెరుచుకోలేదు. అడిగినా రాకపోతే మాటలే తక్కువ తెలిసి ఉండొచ్చు. ఈ రెంటికీ చేయాల్సిన సాయం వేరువేరు.

5. రెండు నిమిషాల్నీ పోల్చండి

అక్షరంతో చెప్పడం పెద్దవాళ్ళకీ కష్టమే, అందులో మాటలు తగ్గితే కంగారు పడక్కర్లేదు. జంతువులు ధారాళంగా చెప్పి, ‘క’ దగ్గర మూడు నాలుగు మాటలకే చతికిలబడితే మాత్రం గమనించాలి. జంతువుల్ని అర్థాన్ని పట్టుకుని వెతుకుతాం. అక్షరమైతే మాటని శబ్దాలుగా విడగొట్టుకోవాలి. చదవడానికీ అదే కావాలి. 1995లో ఊటా ఫ్రిత్, కారిన్ లాండెర్ల్, క్రిస్ ఫ్రిత్ అనే పరిశోధకులు డిస్లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లల్లో ఇదే తేడా చూశారు: అర్థంతో వెతికే పనిలో మిగతా పిల్లలకి తీసిపోలేదు, శబ్దం దగ్గరే వెనకబడ్డారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత స్పష్టంగా లేవు, కొన్నింటిలో రెండూ తగ్గాయి. కాబట్టి దీన్నొక్కదాన్నీ చూసి డిస్లెక్సియా అని పేరు పెట్టేయకండి.

6. ఓపిక ఉంటే రంగుల పట్టిక

ఐదు రంగుల చుక్కల్ని కలగాపులగంగా వరసకి పది చొప్పున ఐదు వరసలు వేసి, గబగబా పేర్లు చెప్పమనండి. డెంక్లా, రుడెల్ అనే పరిశోధకులు 1976లో ప్రచురించిన పరీక్ష ఈ తరహాదే. రంగులన్నీ తెలిసి కూడా పేరు నోటికి రావడం ఆలస్యమయ్యే పిల్లల్లో చాలామందికి చదువూ నెమ్మదిగానే సాగుతుంది.

నత్తి ఉన్నా, వినికిడి, చూపు సరిగా లేకపోయినా ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. ముందు అవి చూపించుకోండి. అనుమానం తీరకపోతే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికో, స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికో వెళ్ళేటప్పుడు రికార్డింగ్ కూడా వెంట తీసుకెళ్ళండి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ చేయాలనుకుంటే జంతువులకి బదులు పళ్ళు, ‘క’కి బదులు ‘ప’ అడగండి. అవే అడిగితే పోయినసారి చెప్పినవి గుర్తుండి మాటలు పెరుగుతాయి.