పొలంలో దొరికిన నాణేనికి చింతపండు వద్దు

ఇంగ్లండ్‌లో సఫోక్ వైపు, రైతు అనుమతితో ఆయన పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతుంటాను. దొరికినవాటి ఫోటోలు పంపితే అమ్మది ఒకటే మాట: "కాస్త చింతపండు పెట్టి తోమవే, తళతళలాడుతుంది." పూజ సామాన్లకైతే సరే. నాణెం మీద పులుపు పడితే చిలుముతో పాటు రాణి ముఖమూ పోతుంది, ఎందుకంటే వందేళ్లు మట్టిలో ఉన్న రాగికి బొమ్మా అక్షరాలూ మిగిలేది ఆ పై పొరలోనే. నిమ్మకాయ, వెనిగర్, కోక్ అన్నీ ఆ జాతివే.

పొలంలో వేలితో రుద్దకండి, ఇసుక గీరేస్తుంది. దూది పరిచిన డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చాక ముందు ఏ లోహమో చూడండి.

బంగారానికి నీళ్లు చాలు. వెండికి గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి ముంచి, తీసి, మెత్తటి బట్టతో అద్దండి. రుద్దొద్దు. కాస్త నలుపు ఉంటేనే అక్షరాలు బాగా కనిపిస్తాయని నా అభిప్రాయం. 1920 నుంచి ఇక్కడి 'వెండి' నాణేల్లో వెండి సగమే, 1947 నుంచి అసలు లేదు. వాటి మీద మెరుపు ఆశించకండి.

అసలు పని రాగి, కంచులతోనే. 1860కి ముందు పెన్నీలు రాగివి, తర్వాతవి కంచువి. ఎరువులు పడిన నేలలో రెండూ గుంటలు పడతాయి. నున్నటి ముదురాకుపచ్చ పొర ఉంటే అదృష్టం, దాని జోలికి వెళ్లకండి. పైన మట్టి గట్టిపడి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలోని క్లోరైడ్ రాగికి పడదు. మెత్తబడ్డాక భూతద్దం కింద టూత్‌పిక్‌తో మట్టిని కొంచెం కొంచెంగా ఎత్తండి. పొర ఊడుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపేయండి. సూదులు, ఇనుప పీచు మాత్రం ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ (లోహాన్ని కాపాడే ఒక రకం మైనం) పల్చగా రాస్తే చాలు. పీవీసీ కవర్లలో పెడితే జిగురు పచ్చదనం పడుతుంది.

లేతాకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది కంచు జబ్బు. దానికి తేమే ఆహారం. తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో విడిగా ఉంచి కన్సర్వేటర్‌కి (పాత వస్తువులను పాడవకుండా కాపాడే నిపుణులకి) చూపించండి.

మూడొందల ఏళ్లు దాటిన వెండి, బంగారు నాణేలు ఒకేచోట రెండు దొరికినా కడగడం తర్వాత. ఇక్కడి 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 14 రోజుల్లో తెలియజేయాలి. మట్టితోనే చూపించడం మంచిది. మన దేశంలో 1878 చట్టం ఉంది, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే.