సిజేరియన్ కుట్ల మీద గర్భం: డీఎన్‌సీకి ముందు చూడాల్సినవి

కర్నూలులో నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఆదోని వైపు నుంచి ఒకామె వచ్చింది. మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు ఏడో వారం, కొంచెం బ్లీడింగ్, నొప్పి లేదు. "ఉల్లిగడ్డల మూట ఎత్తింది, అందుకే అనుకుంటిమి మేడం" అంది అత్త. చేతిలో ఉన్న చీటీలో 'గర్భం నిలవలేదు, డీఎన్‌సీ' అని ఉంది, అంటే గర్భాశయం లోపల గీకి శుభ్రం చేయమని. ఎందుకో మనసొప్పక మళ్లీ స్కాన్ పెట్టాను. పిండం ఉండే సంచి గర్భాశయం మీది పాత సిజేరియన్ కుట్ల గాట్లో కూర్చుని ఉంది. దానికీ మూత్రాశయానికీ మధ్య కండ 2 మిల్లీమీటర్లే. ఆ చీటీ నమ్మి గీకి ఉంటే రక్తం ఆపడం నా వల్ల అయ్యేది కాదు.

నా దగ్గరికొచ్చే జూనియర్లకు అందుకే చెబుతాను: సిజేరియన్ అయిన మనిషి నెల తప్పితే ఆరేడు వారాల్లోనే ట్రాన్స్‌వజైనల్ స్కాన్ (యోని ద్వారా చేసేది) చెయ్యండి. సంచి ఉందని రాసి ఊరుకోకండి, ఎక్కడుందో రాయండి. గర్భాశయం పైభాగం ఖాళీ, ముఖద్వారం ఖాళీ, సంచి ముందు గోడలో, డాప్లర్‌లో (రక్తప్రసరణ చూపే స్కాన్) చుట్టూ రక్తప్రసరణ ఉంటే అది కుట్ల గర్భమే. అబార్షనై జారుతున్న సంచి స్కాన్ ప్రోబ్‌తో మెల్లగా ఒత్తితే కదులుతుంది. కుట్ల గర్భం కదలదు. ఆలస్యమైతే సంచి పైకి పెరిగి మామూలు గర్భంలాగే కనిపించి మోసం చేస్తుంది.

గర్భాశయం కొమ్ము దగ్గర, అంటే ట్యూబు కలిసే మూలలో, సంచి ఉండి, చుట్టూ కండ 5 మిల్లీమీటర్ల కంటే పలచగా ఉన్నా చోటు తప్పిన గర్భమని అనుమానించాలి. ఐవీఎఫ్ అయిన వాళ్లలో గర్భాశయం లోపల ఒకటి కనిపించినా ట్యూబులో ఇంకోటి ఉండొచ్చు, అవి చూడడం మానొద్దు.

బీపీ పడిపోతుంటే స్కాన్‌లతో కాలయాపన వద్దు, రక్తం తెప్పించి థియేటర్‌కు తీసుకెళ్లండి. నిలకడగా ఉంటే స్కాన్ చూస్తూ సక్షన్‌తో తీయొచ్చు, ఆపరేషన్ చేసి తీయొచ్చు, సంచిలోకే మెథోట్రెక్సేట్ (గర్భం పెరగకుండా ఆపే మందు) ఇవ్వొచ్చు. అదే మందును కండకు ఇంజెక్షన్‌గా ఇచ్చి దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే కుట్ల గర్భానికి చాలదు. మెథోట్రెక్సేట్ ఇస్తే ఫోలిక్ యాసిడ్ ఆపించండి, మూడు నెలలు గర్భం వద్దనండి. రక్తం నెగిటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వండి. బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్) మామూలుకొచ్చేదాకా వారం వారం చూడాలి.

ఆ ఆదోని ఆమెకు పొట్ట తెరిచి, ఆ భాగం తీసేసి మళ్లీ కుట్టాం. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది కదా, ఇంకో చీటీ తెలుగులో రాసిచ్చాను: 'ఈసారి నెల తప్పిన వెంటనే స్కాన్. స్కాన్ లేకుండా ఎవరినీ డీఎన్‌సీ చేయనివ్వొద్దు.' అత్త దాన్ని మడిచి ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుంది.